మత్తు కళ్ళ హీరోగా నా ఉద్యోగం

ఇది ఒక మహాగాథ. ఇందులో కృష్ణానది ఉంది, అగ్ని ఉంది, కన్నీళ్ళున్నాయి, ఈలలున్నాయి, ఒక వీరుడు ఆకాశానికి లేచి నేలమీద పడటం ఉంది.

ఇంతవరకు రాసి మా అమ్మకు చదివి వినిపించాను. ఎవరి గురించిరా ఇది అని అడిగింది. నా గురించేనన్నాను. "అయితే నీ గురించే రాయి" అంది.

అందుకని మళ్ళీ మొదలుపెడుతున్నాను. నేను మూడు సినిమాల్లో హీరోగా వేయడానికి ఒప్పుకుని, రెండింట్లో వేసి, ఒక టీవీ నాటకంలో కనిపించి, ముప్ఫై నిండకముందే రిటైరయ్యాను. ప్రస్తుతం జగ్గయ్యపేటలో కాలిపోయిన మోటార్లకు మళ్ళీ రాగితీగ చుట్టే షాపు నడుపుతున్నాను. నదీ, కన్నీళ్ళూ నిజమే. అగ్ని కూడా ఒక రకంగా నిజమే, ఆ సంగతి వస్తుంది.

అనుభవాలు రాయాలంటే జుట్టు నెరవాలన్న రూలు ఎక్కడా లేదు. రాయాల్సిన అవసరం మాత్రం ఉంది. నా షాపు బస్టాండుకు పోయే దారిలో ఉంది. మద్రాసు వెళదామనుకునే కుర్రాళ్ళు నందిగామ నుంచీ చిల్లకల్లు నుంచీ వచ్చి, మోటార్ల మధ్య నిలబడి, ఆ చూపు ఎలా తెచ్చావన్నా అని అడుగుతారు. ఇన్నాళ్ళూ నవ్వి పంపించేవాణ్ణి. ఆమధ్య సుబ్బారావు అనే అతను వచ్చాడు. అతని కళ్ళు చూశాక నవ్వి పంపించే పద్ధతి మానేసి ఈ కాగితాలు తీశాను. అతని సంగతి చివర చెబుతాను. ముందు నా కళ్ళ సంగతి.

లేనిది ఏమిటి

నాకు నాటకాల పిచ్చి. ఐటీఐలో ఎలక్ట్రికల్ చదువుతూనే నందిగామ నాటక పోటీల్లో కలెక్టరు వేషాలు వేసేవాణ్ణి. ఒకసారి అక్కడికి పెళ్ళికి వచ్చిన ఒక సినిమా డైరెక్టరుగారు, భోజనాలకు ఇంకా టైముందని నాటకం చూడటానికి వచ్చి కూర్చున్నారు. బహుమతి వేరే అతనికి వచ్చింది. డైరెక్టరుగారు నన్ను పిలిచారు. ఆయన తీస్తున్నది కొత్తవాళ్ళతో రంగుల సినిమా. నేను పొడుగ్గా ఉంటాను, పైగా కొత్తవాడు కాబట్టి డేట్ల గొడవ పెట్టను. ఎంపికకు ఆ రోజుల్లో ఇవే అర్హతలు.

మా ఇంటికి వచ్చి అమ్మ ఇచ్చిన కాఫీ తాగుతూ, నా ముఖాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, తన అసిస్టెంటుతో, "కుర్రాడు బాగానే ఉన్నాడయ్యా, సెక్స్ అప్పీలే లేదు" అన్నారు.

అది నిజం. మా నాన్న రెవెన్యూ ఆఫీసులో గుమాస్తాగా పనిచేసి పోయారు. ఆయన ముఖం అచ్చుగుద్దినట్టు నాకు వచ్చింది. నన్ను చూస్తే ఎవరికైనా ఏదో ఒక సర్టిఫికెట్టు కావాలనిపిస్తుంది తప్ప కోరిక పుట్టదు.

ఆయన వెళ్ళాక అమ్మ నన్ను లోపలికి పిలిచింది.

"ఆయనేదో లేదన్నాడు. ఏందిరా అది?"

"ఉంటే మంచిదంటమ్మా."

"బజార్లో దొరకదా?"

దొరుకుతుందని అప్పటికి మా ఇద్దరికీ తెలియదు. వీశెల లెక్కన దొరుకుతుంది.

చెవిటికల్లు డ్యూయెట్

కంచికచర్ల దాటి కృష్ణ ఒడ్డుకు వెళితే చెవిటికల్లు. మా నాన్నకు తమ్ముడి వరసయ్యే వీరయ్య బాబాయికి అక్కడ మిరప తోట. శివరాత్రి దాటాక కోసిన కాయను కళ్లంలో ఆరబోస్తారు. దూరం నుంచి చూస్తే పొలానికి ఎర్ర చీర కట్టినట్టుంటుంది. డైరెక్టరుగారు కారులోంచి అది చూసి, డ్యూయెట్టుకు ఊటీ అక్కర్లేదు, భూమే ఇక్కడ సిగ్గుపడుతోందన్నారు. భూమి సంగతేమోగాని ఊటీ తప్పినందుకు ప్రొడ్యూసరు మాత్రం నిజంగానే మురిసిపోయారు.

బాబాయి ఒక షరతు మీద ఒప్పుకున్నాడు. కాయలు తొక్కకూడదు. పాటంతా కాయల మీద పరుగే. చివరికి కళ్లం గట్టున పరిగెత్తేట్టు, చారెడు చారెడు కాయలు తీసి ఒకరి మీద ఒకరం చల్లుకునేట్టు రాజీ కుదిరింది.

మా వైపు కళ్లంలో దిగేవాళ్ళెవరైనా ముందు రెండు చేతులకూ ఆముదం పట్టిస్తారు. దిగాక ముఖం మీద చెయ్యి వేయరు. ఇది ఎవరూ ఎవరికీ నేర్పే విషయం కాదు. మంట నేర్పుతుంది. ఆ రోజు కూడా బాబాయి ఆముదం సీసా పట్టుకొచ్చాడు. మేకప్ మనిషి అడ్డం పడి, చేతులు మెరుస్తాయి, కెమెరాకు కొడుతుందన్నాడు. నేను పుట్టినప్పటి నుంచీ మిరపకాయల మధ్య పెరిగినవాణ్ణే. కాని ఆ ఉదయం నుంచి హీరోని.

"వద్దులే బాబాయ్" అన్నాను.

"నీ ఇష్టంరా. కళ్ళు నీయి" అని ఆయన సీసాకు మూత పెట్టబోయాడు.

హీరోయిన్ హేమకళగారు ఆ సీసా ఎందుకని అడిగి తెలుసుకుని, ఎవరితోనూ వాదించకుండా, మేకప్ మనిషి అటు తిరగగానే రెండు చేతులకూ రాసుకున్నారు. ఆవిడకు నాకంటే రెండేళ్ళు తక్కువ వయసు, నాకంటే పది సినిమాలు ఎక్కువ అనుభవం. ఆ తేడా అక్కడే తెలిసింది.

ఎండ. పరిగెత్తాను. కాయలు చల్లాను. చెమట కారుతుంటే నుదురు తుడుచుకున్నాను, తర్వాత కళ్ళు తుడుచుకున్నాను.

ఆ తర్వాత నాకేమీ కనబడలేదు. కనురెప్పలు సగం దిగిపోయాయి, ఎంత ప్రయత్నించినా పైకి లేవలేదు. ముక్కు మూసుకుపోయి నోటితో గాలి పీలుస్తున్నాను కాబట్టి పెదవులు విడివడ్డాయి. ఎదురుగా ఎర్రగా ఏదో ఆకారం ఉంది. హీరోయిన్ చీర ఎరుపే కాబట్టి ఆవిడే అనుకుని చేతులు చాచి నెమ్మదిగా, పడిపోకుండా నడిచాను. డైరెక్టరుగారు కట్ చెప్పబోతుంటే కెమెరామన్ చెయ్యి ఎత్తి ఆపాడట. నేను వెళుతున్నది నిజానికి మూతి కట్టకుండా కాయలు నింపిన బస్తాల వైపు. ఎర్రచీర ఆవిడ పక్కగా ఉన్నారు. షాటు వృథా అవుతుందని ఆవిడే నాలుగడుగులు వేసి, నాకూ బస్తాలకూ మధ్యలోకి వచ్చి నా చేతుల్లో పడ్డారు.

తెర మీద అది ఆగలేక వచ్చి వాలినట్టుంటుంది.

జగ్గయ్యపేటలో మొదటి ఆట

సినిమా విడుదలయ్యాక అమ్మను తీసుకుని జగ్గయ్యపేటలో మొదటి ఆటకు వెళ్ళాను. హాల్లో ఆడవాళ్ళ బెంచీలు ఒక పక్కగా ఉంటాయి. అమ్మ అక్కడ కూర్చుంది. నేను వెనక గోడ దగ్గర నిలబడ్డాను. డ్యూయెట్టు వచ్చింది. ఆ కళ్ళు తెర నిండా కనిపించాయి. అప్పటిదాకా బఠానీలు నములుతున్న హాలు నమలడం ఆపేసింది. ఆడవాళ్ళ వైపు ఎవరో గట్టిగా ఊపిరి వదిలారు. నా జీవితంలో అంత నిశ్శబ్దం మళ్ళీ రాలేదు. ఆ నిశ్శబ్దంలో మా అమ్మ గొంతు స్పష్టంగా వినబడింది.

"వీడి కళ్ళల్లో కారం పడ్డట్టుందే."

పక్కవాళ్ళు ఆవిణ్ణి కసిరి నోరు మూయించారు. వారం తిరక్కుండా ఒక సినిమా పత్రిక నన్ను మత్తు కళ్ళ హీరో అంది. చూపులో ఏదో చెప్పలేని దాహం ఉందని రాసింది. దాహం నిజమే. ఆ షాటు తర్వాత బిందెడు మజ్జిగ తాగాను.

ఈ వృత్తిలోకి రాబోయేవాళ్ళకు ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఆకర్షణ మీ ముఖంలో ఉందని ఎవరైనా అంటే నమ్మకండి. తెర మీద మనిషి దేనికో బాధపడుతుంటాడు, ఎందుకో చూసేవాళ్ళకు తెలియదు. తెలియదు కాబట్టి తమ కోసమే అనుకుంటారు. మిగతాది లైట్లవాళ్ళు చూసుకుంటారు.

మద్రాసు పద్ధతి

రెండో సినిమా మద్రాసులో, స్టూడియో ఫ్లోరులో. ప్రొడ్యూసరుగారు మొదటి రోజే, కథ ఏదైనా పర్లేదు, ఆ చూపు నాలుగుచోట్ల పడాలన్నారు. పడలేదు. అద్దం ముందు నిలబడి రెప్పలు దించితే నిద్ర వస్తున్న గుమాస్తాలా ఉన్నాను. గ్లిజరిన్ వేస్తే తల్లి పోయినవాడిలా ఉన్నాను. ఉల్లిపాయ పెడితే ఉల్లిపాయ పెట్టినట్టే ఉంది. సెట్లో మాటలు తగ్గాయి. మాటలు తగ్గడమంటే ఆ వృత్తిలో ఏమిటో అప్పటికే తెలుసు నాకు. మర్నాడు ఇంకొకరి ఫోటోలు టేబులు మీదికి వస్తాయి.

ఇంటి నుంచి తెచ్చుకున్న సామానులో అమ్మ కొట్టి ఇచ్చిన కారం ఉంది. చిటికెడు రుమాలు కొనలో కట్టుకున్నాను.

పద్ధతి ఇది. షాటు పిలవగానే రుమాలు కొనను కింది రెప్పకు తాకించాలి. మొదట ఏడుపు వస్తుంది, అది పనికిరాదు. ఏడుపు తగ్గాక ఎరుపు వస్తుంది, రెప్ప వాలుతుంది, పెదవి అదురుతుంది. ప్రేమ అంటే ఇదే. ముక్కు కారడం మొదలయ్యేలోపు కెమెరామన్ పని ముగించాలి. ముక్కు కారే ప్రేమకు మార్కెట్టు లేదు.

ఆ సినిమాలోనూ హేమకళగారే హీరోయిన్. నా రుమాలు సంగతి మొదటి షాటులోనే కనిపెట్టారు. ఎవరికీ చెప్పలేదు. ఆవిడకు అందులో ఆశ్చర్యమేమీ కనబడలేదు. ఆవిడ వానపాటల అమ్మాయి. సినిమాకో వాన తప్పదు. పొద్దున్న తొమ్మిదింటికే గొట్టాలతో నీళ్ళు కొట్టేవాళ్ళు. వణుకుతూ వచ్చి నా పక్క కుర్చీలో కూర్చుని, తువ్వాలు కప్పుకుని ఒకసారి అన్నారు:

"మీకు కళ్ళు మండితే జనం ప్రేమంటారు. నాకు చలేస్తే సిగ్గంటారు. ఇద్దరం చేసేది ఒకటే పని కదండీ."

ఒకటే పని కాదు. ఆ మాట ఆవిడ మర్యాదకు అన్నారు. నా కళ్ళ గురించి పత్రికలు కవిత్వం రాశాయి. ఆవిడ తడిసిన చీర గురించి అవే పత్రికలు సంస్కృతి పాడైపోతోందని సంపాదకీయాలు రాసి, పక్కనే ఆవిడ ఫోటో పెద్దది వేశాయి. తడిపినవాళ్ళ పేరు ఎక్కడా రాలేదు. ఈ వృత్తిలో ఆకర్షణకు జమా ఖర్చులు ఒకరి పేరునే ఉండవు. జమ నాది, ఖర్చు ఆవిడది.

ఒకసారి ప్రొడ్యూసరుగారి మనిషి అంతకుముందుకంటే పల్చటి చీర తెచ్చాడు. ఆవిడ దాన్ని వెలుతురుకు పట్టి చూసి, తప్పకుండా కట్టుకుంటానండి, అదే తానులో హీరోగారికి పంచె కూడా చింపించండి అన్నారు. అతను వెళ్ళి ప్రొడ్యూసరుగారికి చెప్పాడు. ప్రొడ్యూసరుగారు వచ్చి నా కాళ్ళు ఒకసారి చూశారు. చీర మారింది. నా శరీరం సినిమా పరిశ్రమకు చేసిన మేలు అదొక్కటే.

బెజవాడ డాక్టరు

రెండో సినిమా కూడా ఆడింది. మూడోది పెద్ద కంపెనీ. పోస్టరు ముందే గీయించారు, అందులో హీరో లేడు, రెండు కళ్ళు మాత్రం ఉన్నాయి. నావే.

అప్పటికి ఆ కళ్ళు నాకు పెద్దగా పనిచేయడం లేదు. పొద్దున్నే రెప్పలు అంటుకుపోయేవి. రుమాలు లేకుండానే మంట. లైటు వైపు చూస్తే లైటు చుట్టూ ఇంకో లైటు కనబడేది. బెజవాడలో కళ్ళ డాక్టరుగారి దగ్గరికి వెళ్ళాను. ఆయన సినిమాలు చూడరు. గడ్డం ఆనించమని, లెన్సులోంచి చాలాసేపు చూసి, ఏం పని చేస్తావని అడిగారు.

"సినిమాల్లో వేస్తానండి."

"మిర్చి కొట్టేమో అనుకున్నా" అన్నారాయన.

దాచి లాభం లేక అంతా చెప్పాను. నల్లగుడ్డు మీద పుండు పడిందని, మానుతుందని, ఇంకోసారి కారం తగిలితే మానకపోవచ్చని చెప్పారు. అంటే మూడో సినిమా కావాలా, మూడో సినిమా చూడటం కావాలా అని. ఇది ఆయన జోకు కాదు. మామూలుగానే అన్నారు.

చుక్కల మందు వేసుకుంటూ మద్రాసు వెళ్ళి, టెస్టు షాటుకు ఉట్టి కళ్ళతో నిలబడ్డాను. ఆ షాటు తెర మీద వేసి చూశారు. గదిలో ఎవరో ఎవరీయన అని అడిగారు. ప్రొడ్యూసరుగారు నన్ను పక్కకు తీసుకెళ్ళి, కళ్ళకేమైందయ్యా అన్నారు. రుమాలు సంగతి చెప్పేశాను. ఆయన కోప్పడలేదు. రుమాలు ఒక్క పాటకు వాడితే చాలు, మిగతా అంతా దూరం నుంచి తీద్దామన్నారు. మర్నాటికి చెబుతానన్నాను.

సరే అని ఉండేవాణ్ణే, దాచడమెందుకు. ఒక్క పాట కదా. పోస్టర్లు గోడలెక్కడానికి సిద్ధంగా ఉన్నాయి. మా నందిగామ గోడల మీద నా కళ్ళు బండి చక్రాలంత ఉంటాయి. ఆ సాయంత్రం పక్క ఫ్లోరులో హేమకళగారికి షూటింగు. వెళ్ళి చెప్పాను. ఆవిడ తల తుడుచుకుంటూ విన్నారు.

"కళ్ళు పోయినా వేషాలుంటాయండి. గుడ్డివాళ్ళ పాత్రలు బోలెడున్నాయి" అన్నారు. తువ్వాలు పిండి మళ్ళీ అన్నారు. "కాకపోతే అవి కూడా కళ్ళున్నవాళ్ళకే ఇస్తారు."

మర్నాడు ప్రొడ్యూసరుగారికి వద్దని చెప్పాను. గుండె మీద చెయ్యి పెట్టుకుని, నా కళ్ళను అమ్ముకోలేనండి అని ఒక మంచి డైలాగు కూడా తయారుచేసుకుని వెళ్ళాను. అది చెప్పే అవకాశం రాలేదు. ఆయన అప్పటికే ఇంకో సంగతి ఆలోచిస్తున్నారు.

"ఇది ఇంకెవరికైనా పనిచేస్తదా?" అన్నారు.

"ఎవరికైనా పనిచేస్తుందండి. గేదెకు కూడా."

ఆయన నవ్వలేదు. మీరు తయారుచేసిన పేరు మీది కాదని తెలియడానికి కొందరికి ఇరవై ఏళ్ళు పడుతుంది. నాకు ఒక్క ప్రశ్నతో తేలిపోయింది. ఆ తర్వాత ఎవరికి వాడారో, వాడారో లేదో నాకు తెలియదు. సంగతి మాత్రం అక్కణ్ణుంచే బయటికి పాకింది.

చిన్న తెర

కళ్ళు మానాయి. ఆ తర్వాత వేసింది ఒక్కటే, హైదరాబాదులో టీవీ నాటకం. మోటారు కాలిపోయిన రైతు వేషం. సెట్లో నిజం మోటారు పెట్టారు. రిహార్సలు మధ్యలో ఊరికే విప్పి చూస్తే వైండింగు కాలింది, షాఫ్టు బాగానే ఉంది. ఐటీఐ చదువు గుర్తొచ్చింది. నటన మీదకంటే ఆ మోటారు మీద ఎక్కువ ధ్యాస పెట్టాను.

నందిగామలో పంచాయతీ ఆఫీసు ముందు టీవీ పెడితే ఊళ్ళోవాళ్ళంతా చూశారు. ఇతను మత్తు కళ్ళ హీరో కాదు, తమ్ముడై ఉంటాడన్నారు. అన్న ఏమయ్యాడని కొందరు నన్నే అడిగారు. అమ్మ చివరిదాకా చూసింది. ఇంటికి వస్తూ అంది:

"ఇవాళ బాగున్నావురా. మీ నాన్న లాగా ఉన్నావు."

నాకు వచ్చిన సమీక్షల్లో దాచుకున్నది ఇదొక్కటే. ఆ ఏడే షాపు తెరిచాను.

సుబ్బారావు

అతనిది చిల్లకల్లు. నాటకాలు బాగా వేస్తాడని విన్నాను. బెజవాడలో వచ్చే నెల కొత్త నటుల ఎంపిక ఉందని, దానికి పోతానని ఆమధ్య షాపుకు వచ్చాడు. గుమ్మానికి తగులుకుని, లోపల ఉన్న పెద్ద మోటారుకు నమస్కారం పెట్టాడు.

"అన్నా, ఈ చూపు సరిపోద్దా?"

రెండు కళ్ళూ చింతనిప్పుల్లా ఉన్నాయి. నేను ఇటు పక్కన ఉన్నానని చెప్పి, ఏం కనబడుతోందని అడిగాను. తెల్లగా ఏదో ఉందన్నాడు. నా చొక్కా ఎర్రది.

కారం సంగతి ఎవరి దగ్గరో విని మూడు రోజుల నుంచి సాధన చేస్తున్నాడట. మంట ఎక్కువైనప్పుడల్లా పంపు దగ్గరికి వెళ్ళి కళ్ళు కడుక్కుంటున్నాడట. కడిగినకొద్దీ మంట పెరుగుతోందట. అది తన దీక్షకు పరీక్ష అనుకున్నాడట. చేతులు చూపించమన్నాను. శుభ్రంగా కడిగిన చేతులే. నా నాలుక కొనకు అతని వేలు ఆనించి చూశాను. భగ్గుమంది.

షాపు మూసి బెజవాడ బస్సెక్కించి, అదే డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన లెన్సులోంచి చూసి, సినిమానా అని అడిగారు. కళ్ళు కడిగి మందు వేసి, పుండు ఇంకా లోతుకు పోలేదన్నారు. చుక్కలు వేసుకుంటే చూపుకు ఢోకా లేదట. దారంతా సుబ్బారావు ఈ చూపు పోతే ఎంపిక పోతుందేమోనని బాధపడుతూనే ఉన్నాడు. తిరిగి వచ్చేటప్పుడు కిటికీలోంచి కనబడే బోర్డులు ఒక్కొక్కటే పైకి చదవడం మొదలుపెట్టాడు. కంచికచర్ల దాటేసరికి ఆ బాధ గురించి మాట్లాడటం మానేశాడు.

ఎంపికకు మామూలు కళ్ళతోనే వెళ్ళాడు. ఎత్తు చాలదన్నారట. కళ్ళు ఎవరూ చూడలేదట.

కాబట్టి మద్రాసు వెళ్ళేవాళ్ళకు నా వృత్తి అనుభవమంతా కలిపి చెప్పగలిగింది ఇది. కారం ఉట్టి నీళ్ళకు పోదు. ముందు చేతులకు నూనె పట్టించి, గుడ్డతో తుడిచి, ఆ తర్వాత సబ్బుతో రెండుసార్లు కడగాలి. గోళ్ళ సందుల్లో కూడా.